ముందు ఆ పిన్నీసు కింద పెట్టండి

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ గాజులకో, మంగళసూత్రాలకో రెండు మూడు పిన్నీసులు వేలాడుతూ ఉంటాయి. ఎందుకవి అని అడిగితే పైట జారకుండా పెట్టుకోవడానికి అంటాం. అది సగం నిజం. మిగతా సగం మధ్యాహ్నం తెలుస్తుంది. భోజనాలై, వంటిల్లు సర్దుకుని, టీవీ ముందు కాస్త నడుం వాల్చాక ఆ పిన్నీసు మెల్లగా చెవిలోకి వెళుతుంది. కళ్ళు అరమోడ్పులవుతాయి. ఆ సుఖం ముందు సీరియల్ ఏపాటి! పిన్నీసు దొరక్కపోతే తల్లో పిన్ను, అదీ లేకపోతే అగ్గిపుల్ల. మగవాళ్ళకైతే బండి తాళంచెవి. పేరులో చెవి ఉంది కదా అని చెవిలోనే పెట్టాలనుకున్నారో ఏమో!

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, నాకు ఈ అలవాటంటే ఒళ్ళుమంట. చెవి దురద పెడితే లోపల మురికి ఉన్నట్టు, మురికి ఉంటే తీసెయ్యాలన్నట్టు, తియ్యడానికి ఒక పుల్ల కావాలన్నట్టు మనం ఎప్పుడో తీర్మానించేసుకున్నాం. చేతి మీద ఎర్రగా దద్దుర్లు వస్తే ఏం పడలేదో అని ఆలోచిస్తాం. సబ్బు మారిందా, కొత్త చీరలో గంజి ఉందా అని ఆరా తీస్తాం. అదే దద్దు చెవి లోపల వస్తే మాత్రం ఆలోచన ఉండదు, కెలకడమే. చెవి లోపల ఉన్నదీ చర్మమేనని మనకి తట్టదు. ఆ చర్మానికీ కొన్ని పడవు. పడనిది తగిలితే ఎర్రబడుతుంది, పొట్టు రాలుతుంది, నీరు కారుతుంది, అన్నిటికన్నా ముందు దురద పెడుతుంది. డాక్టర్లు దీన్నే బయటి చెవి అలర్జీ అంటారు. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఈ అలర్జీని మన ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి బతికిస్తున్నది, తగ్గుతుందని మనం దానికి చేస్తున్న వైద్యమే.

మొదట ఆ మురికి సంగతి చూద్దాం. పెద్దవాళ్ళలో చెవి రంధ్రం లోతు సుమారు 2.5 సెంటీమీటర్లు, చూపుడు వేలి చివరి కణుపంత. అందులో బయటి మూడో వంతు మెత్తటి ఎముక మీద ఉంటుంది. గుబిలి తయారయ్యేది అక్కడే. లోపలి రెండు వంతులూ గట్టి ఎముక. దాని మీద చర్మం ఉల్లిపొరంత పల్చగా, కింద కండా కొవ్వూ ఏమీ లేకుండా నేరుగా ఎముకకే అతుక్కుని ఉంటుంది. పుల్ల కాస్త లోపలికి వెళ్ళగానే ప్రాణం లేచొచ్చేది అందుకే. గుబిలి మురికి కాదు. కొంచెం ఆమ్ల గుణం ఉన్న పూత అది. నీటిని అంటనివ్వదు, బూజునీ క్రిములనీ పెరగనివ్వదు. ఇక శుభ్రం చేసే పని కూడా చెవికి మనం నేర్పక్కర్లేదు. లోపలి చర్మం కర్ణభేరి దగ్గర మొదలై, గోరు పెరిగినంత నెమ్మదిగా బయటికి జరుగుతూ గుబిలిని తనతో మోసుకొస్తుంది. నమిలినప్పుడు, మాట్లాడినప్పుడు దవడ కదలిక దానికి సాయం చేస్తుంది. మాటలకి మన ఇళ్ళల్లో లోటెక్కడిది? కాబట్టి చెవులు వాటి పాటికి అవి శుభ్రపడుతూనే ఉంటాయి.

మనం ఆ పూతని రోజూ గీకి పారేస్తే ఏమవుతుంది? చర్మం ఎండిపోతుంది. ఎండితే దురద. దురద పెడితే మళ్ళీ గీకుడు. గీకిన చోట చర్మం మందమవుతుంది, అది ఇంకా దురద. దూదిపుల్ల మెత్తగా ఉంటుంది కదా అంటారు. మెత్తనిదే, అయినా అది బయటికి తెచ్చే గుబిలి కన్నా లోపలికి నెట్టేదే ఎక్కువ. రోకలితో దంచినట్టు కర్ణభేరి దాకా దట్టించి, ఆ తర్వాత చెవి సరిగా వినపడట్లేదని అదే పుల్ల మళ్ళీ తీస్తాం.

ఇక పిన్నీసు. పిన్నీసుల మీద, తల పిన్నుల మీద, తాళంచెవుల మీద ఉండే ఆ తళతళ చాలాసార్లు నికెల్ పూతది. చర్మానికి తగలడం వల్ల వచ్చే అలర్జీల్లో ప్రపంచమంతటా ముందు వరసలో ఉండే లోహం ఈ నికెలే. ఆడవాళ్ళలోనే ఎక్కువ. కారణం వేరే చెప్పాలా? చెవులు కుట్టించుకునేది మనం, గిల్టు కమ్మలు పెట్టుకునేది మనం. కుట్టిన పచ్చి గాయానికి నికెల్ తగిలి, ఒంటికి దాని మీద ఒకసారి పగ పుట్టిందంటే సాధారణంగా ఆ పగ జీవితాంతం పోదు. పదో తరగతిలో గిల్టు జుంకాలకి తమ్మెలు పుండైన పిల్లకి, నలభై ఏళ్ళప్పుడు పిన్నీసుతో చెవి గోక్కుంటే లోపల దద్దు వస్తుంది. అంటే దురద తీరడానికి వాడుతున్న వస్తువే దురదని పెంచుతోంది. దొంగ చేతికే తాళాలిచ్చి, ఇంట్లో సామాను ఎలా పోతోందో అని ఊరంతా వెతికినట్టుంది మన వ్యవహారం.

ఇది ఎందుకు పట్టుబడదో కూడా చెప్పుకోవాలి. వేరుశనగ పడనివాళ్ళకి తిన్న కాసేపటికే దద్దుర్లు లేస్తాయి, వెంటనే తెలిసిపోతుంది. చర్మానికి తగిలే ఈ రకం అలర్జీ అలా కాదు. ఒకటి నుంచి మూడు రోజులు ఆగి బయటపడుతుంది. ఆదివారం పెళ్ళిలో పెట్టుకున్న కమ్మలకి మంగళవారం చెవి ఎర్రబడుతుంది. మంగళవారం మనం ఎవరిని అనుమానిస్తాం? సోమవారం తిన్న వంకాయ కూరని! పాపం ఆ వంకాయ మన ఇళ్ళల్లో మోసినన్ని నిందలు ఏ కోడలూ మోసి ఉండదు.

పిన్నీసు తర్వాత నూనె. వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నూనె, గోరువెచ్చగా రెండు చుక్కలు. ఈ మాట ఎత్తితే పెద్దవాళ్ళకి కోపం వస్తుందని తెలుసు. మా ఇంట్లోనూ వస్తుంది. "మా అమ్మమ్మ నుంచీ పోస్తున్నాం, ఎవరికేమైంది?" అంటారు. నేను నూనెకి శత్రువుని కాదు. గుబిలి గట్టిపడి అడ్డుపడినప్పుడు, కర్ణభేరికి చిల్లు లేకుండా చెవి ఆరోగ్యంగా ఉన్నప్పుడు, మెత్తబడటానికి రెండు చుక్కల నూనె వెయ్యమని డాక్టర్లే చెప్పే సందర్భాలున్నాయి. అది గుబిలికి వైద్యం. దురదకి కాదు. ఎర్రబడి, పొట్టు లేచి, గోకుడుకి గీరుకుపోయిన చర్మం మీద వెల్లుల్లి ఘాటు పడితే అది మంట మీద కారం చల్లడమే. వెల్లుల్లి మామూలు చర్మాన్నే కాలుస్తుంది, నూరి కట్టు కట్టుకుని బొబ్బలెక్కినవాళ్ళున్నారు. పైగా మన కోస్తా ఉక్కపోతలో చెవి లోపల ఎప్పుడూ చెమ్మే. ఆ చెమ్మకి నూనె జిడ్డు తోడైతే బూజుకి పండగ. చెవిలో బూజు పట్టడం మాటవరసకి అంటున్నది కాదు. తడిసిన కాగితం ముద్దలా తెల్లగా, మధ్య నల్ల చుక్కలతో చెవిలో బూజు కనపడటం మన వాతావరణంలో చెవి డాక్టర్లకి మామూలు సంగతి. ఇక చంటిపిల్లలకి తలంటి పోసేటప్పుడు చెవుల్లో నూనె చుక్క వెయ్యడం అయితే ఏ కారణంతోనూ సమర్థించలేను. ఆ పసివాడు దురదని అడిగాడా, గుబిలి ఉందని అడిగాడా?

మూడోది అందరికన్నా పెద్దమనిషి వేషంలో వస్తుంది. మందుల షాపు చుక్కలు. చీటీ అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. "చెవి దురదండీ" అంటే చాలు, మా వీధి చివర కౌంటర్ వెనక కుర్రాడు చూడకుండానే చెయ్యి వెనక్కి పెట్టి ఒక చిన్న సీసా తీస్తాడు. అలాంటి సీసాల్లో చాలాసార్లు రెండు మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి. క్రిములకొకటి, బూజుకొకటి, వాపుకి స్టెరాయిడ్ ఒకటి, నొప్పి తెలియకుండా ఇంకొకటి. ఏదో ఒకటి తగలకపోతుందా అని చీకట్లో రాళ్ళు విసరడం అన్నమాట. కొన్నిటిలో నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది. అది చర్మ అలర్జీలకి పెట్టింది పేరు. అమెరికాలో ఈ రకం అలర్జీల మీద పనిచేసే చర్మ వైద్యుల సంఘం ఏటా ఒక పదార్థాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటిస్తుంది. 2008లో నికెల్, 2010లో నియోమైసిన్. మన పిన్నీసూ మన చుక్కల మందూ, ఇద్దరికీ గౌరవం దక్కిందన్నమాట!

ఇందులో ఇంకో మెలిక ఉంది. అదే సీసాలో స్టెరాయిడ్ కూడా ఉంటే అది అలర్జీని కొంత అణిచిపెడుతుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది. మానేయగానే దురద తిరిగొస్తుంది. "చూశావా, చుక్కలు వేస్తే తగ్గింది, మానేస్తే వచ్చింది" అని ఇంకో సీసా తెస్తారు. ఇలా ఒకే సీసా ఏళ్ళ తరబడి అలమారలో కాపురం చేస్తున్న ఇళ్ళు నాకు తెలుసు. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళయితే నియోమైసిన్ జాతి మందులు లోపలికి దిగి వినికిడికే చేటు చెయ్యగలవు. చిల్లు ఉందో లేదో కౌంటర్ దగ్గర నిలబడి ఎవరు చెప్పగలరు?

ఈ ముగ్గురే కాదు, చిన్న దొంగలూ ఉన్నారు. జుట్టుకి వేసే నల్లరంగులో ఉండే పారా ఫినైలీన్ డయమీన్, చర్మం మీద నల్లగా పండుతుందని అమ్మే నల్ల గోరింటాకులోనూ అదే. రంగు వేసుకున్న రెండో రోజు చెవి దొప్పలు, నుదుటి అంచు, మెడ వెనక దురద పెడుతుంటే ఇక సాక్ష్యం అక్కర్లేదు. షాంపూల్లోని సువాసన, గోళ్ళ రంగు కూడా అంతే. గోళ్ళకి వేసుకున్నది చెవికెలా వస్తుందంటారా? ఆ వేలితోనే కదా చెవి గోక్కునేది. పిల్లలు పొద్దస్తమానం చెవుల్లో దూర్చుకుని తిరిగే ఇయర్‌ఫోన్లు చెమ్మని బయటికి పోనివ్వవు, వాటి బిరడా కొందరికి పడదు.

ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. వేలకి వేలు పోసి వినికిడి మెషీను కొంటాం. మామయ్యగారు దాన్ని పెట్టుకోరు, తీసి డ్రాయర్లో పడేస్తారు. "మొండితనం, ఎంత చెప్పినా పెడచెవిన పెడతారు" అంటాం. చెవిలో కూర్చునే ఆ అచ్చు యాక్రిలిక్‌ది అయితే కొందరికి అది పడదు. పడినా గాలి ఆడక లోపల చెమ్మ చేరి దురద పెడుతుంది. అచ్చు పదార్థం మార్చమని అడగవచ్చు, రోజుకి కొన్ని గంటలు తీసి చెవిని ఆరనివ్వవచ్చు. ఆయన్ని "ఎందుకు పెట్టుకోరు?" అని నిలదీసేవాళ్ళే గానీ "పెట్టుకుంటే ఏమవుతోంది మామయ్యగారూ?" అని అడిగినవాళ్ళు ఇంట్లో ఉన్నారా?

ఇప్పుడు అసలు గొడవ. బోసి చెవులు. మా బంధువుల్లో కొత్తగా పెళ్ళైన అమ్మాయి ఒకత్తి ఉంది. గిల్టు బుట్టలు పెట్టుకున్న ప్రతిసారీ మూడో రోజుకి తమ్మెలు ఊరి రసి కారుతుంది, చెవి లోపలి దాకా దురద పాకుతుంది. వేపపుల్ల పెట్టుకుంటానంటే అత్తవారింట్లో ఒప్పుకోలేదు. "ముత్తైదువ బోసి చెవులతో, పుల్లలతో పేరంటానికి వస్తే నలుగురూ ఏమనుకుంటారు?" ఆ నలుగురిలో ఒకరి చెవికైనా రసి కారితే తెలిసేది. ఆ పిల్ల నెలలో మూడు శుభకార్యాలకి వెళ్ళింది, మూడుసార్లూ చెవులు వాచి తిరిగొచ్చింది. "చెవి దురదకే ఇంత రాద్ధాంతమా, సుకుమారం" అన్న బిరుదు అదనం. అలంకారం పేరు చెప్పి మనిషి ఒంటి మీద పుండుని మేపడం ఏ శాస్త్రంలో ఉంది? ఆ ముచ్చట్లలో చెవి అంటే నగ తగిలించే కొక్కెం. ఇంట్లోకొస్తే శుభ్రం చెయ్యాల్సిన తూము. చర్మం ఎప్పుడవుతుందో!

యూరప్‌లో 1994లోనే నిబంధన తెచ్చారు. ఒంటికి అంటుకుని ఉండే నగలు, గుండీలు, గడియారాల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాములకి మించి నికెల్ విడుదల కాకూడదు. కుట్టిన రంధ్రంలో పెట్టేవాటికి తర్వాత 0.2 పరిమితి పెట్టారు. మనం నగల కొట్లో తరుగు ఎంత, మజూరీ ఎంత అని గంటసేపు బేరమాడతాం గానీ వెనక శీల ఏ లోహమో అడగం. 2021 జూన్ నుంచి మన దేశంలో తప్పనిసరి అయిన హాల్‌మార్కు మంచిదే. 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం అని చెబుతుంది. మిగతా 84 పాళ్ళూ ఏమిటో చెప్పదు. మన పసుపు బంగారంలో మామూలుగా రాగి, వెండి కలుపుతారు కాబట్టి చాలామందికి ఇబ్బంది ఉండదు. తెల్ల బంగారంలో మాత్రం నికెల్ కలిపే పద్ధతి ఉంది. పడనివాళ్ళు టైటానియం శీలలు వాడుకోవచ్చు. అవీ ఊరితే, మానేదాకా చెవులు బోసిగానే ఉండనివ్వండి. కొంపలేం మునగవు.

తిట్టడం అయింది కాబట్టి చెయ్యాల్సింది కూడా చెప్పాలి. ఒక్క పైసా ఖర్చు లేని పని మొదటిది. మూడు వారాలు చెవిలోకి ఏదీ వెళ్ళకూడదు. పుల్ల, పిన్ను, దూది, నూనె, ఇంట్లో ఉన్న పాత చుక్కలు, వేలు కూడా. మొదటి వారం నరకమే. దురద పుట్టినప్పుడు చెవి దొప్పని బయటినుంచి అరచేత్తో అదిమి పట్టుకోండి, గోకొద్దు. తలస్నానం చేసేటప్పుడు దూది ఉండకి కాస్త వాజలీన్ రాసి చెవి ద్వారం దగ్గర అడ్డు పెట్టుకుని, స్నానం కాగానే తీసెయ్యండి. నీళ్ళు వెళితే తల పక్కకి వంచి తువ్వాలుతో బయట అద్దుకుంటే చాలు. రెండోది, పాల లెక్క రాసుకునే కాలెండర్ మీదే దురద లెక్క కూడా రాయండి. దురద ఎక్కువైన రోజు నుంచి మూడు రోజులు వెనక్కి వెళ్ళి చూడండి. రంగు వేసుకున్నారా, కమ్మలు మార్చారా, కొత్త షాంపూయా? రెండు నెలలు రాస్తే దొంగ చాలాసార్లు దొరికిపోతాడు.

అయినా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆయన లోపల చూసి, పేరుకున్నది తీసి, అలర్జీ అయితే కొద్ది రోజులకి స్టెరాయిడ్ చుక్కలో ఆయింట్‌మెంటో, బూజు అయితే బూజు మందో ఇస్తారు. ఆ చూడటమే అసలు వైద్యం. చుండ్రు ఉన్నవాళ్ళకీ, సోరియాసిస్ ఉన్నవాళ్ళకీ కూడా చెవి లోపల పొట్టు రాలి దురద పెడుతుంది, కాబట్టి ప్రతి దురదా అలర్జీ అనుకోవద్దు. ఏది పడట్లేదో తేలకపోతే చర్మ వైద్యులు ప్యాచ్ పరీక్ష చేస్తారు. అనుమానం ఉన్న పదార్థాలని వీపు మీద పట్టీలతో అంటించి 48 గంటలు ఉంచి, తీసి చూసి, మరో ఒకటి రెండు రోజులకి మళ్ళీ చూస్తారు. సూది ఉండదు. సెట్రిజిన్ మాత్రతో దురద తగ్గించుకుని కాలక్షేపం చేద్దామంటే ఈ రకం అలర్జీకి అది పెద్దగా పనికిరాదు. పడనిదాన్ని దూరం పెట్టడమే దీనికి మందు.

కొన్ని గుర్తులు కనపడితే మాత్రం కాలెండర్లూ మూడు వారాలూ వద్దు, ఆ రోజే వెళ్ళాలి. అలర్జీలో ముందుండేది దురద. నొప్పి ముందుంటే, చెవి దొప్ప లాగితే ప్రాణం పోతుంటే, చీము వస్తుంటే, వాసన వేస్తుంటే, జ్వరం ఉంటే, వినికిడి తగ్గితే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళుంటే ఇంకా జాగ్రత్త. గోకుడుతో పడిన చిన్న గీత చాలు. వాళ్ళలో అరుదుగా ఆ ఇన్‌ఫెక్షన్ చర్మం దాటి పుర్రె ఎముకలోకి పాకుతుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వని చెవి నొప్పి, మూతి ఒక పక్కకి వంకరపోవడం దాని గుర్తులు. ప్రాణం మీదికి వచ్చే జబ్బది. అత్తయ్యగారు చెవి నొప్పి అంటే వెల్లుల్లి నూనె కాచే ముందు ఆవిడకి షుగర్ ఎంత ఉందో గుర్తు తెచ్చుకోండి.

"ఇంత చిన్నదానికి డాక్టరేంటి, ఖర్చు దండగ" అనేవాళ్ళకి నా లెక్క ఇది. సీసా తర్వాత సీసా కొన్న డబ్బు, వినపడక ఇంట్లో పడ్డ గొడవలు, ఫంక్షన్ తర్వాత వారం రోజులు నిద్ర లేని రాత్రులు, ఇవన్నీ కూడితే ఒకసారి డాక్టరుకిచ్చే ఫీజు ఏ మూలకి? అసలు ఇది చిన్నదని తేల్చింది ఎవరు? దురద పడుతున్నవాళ్ళని అడిగి తేల్చారా? ఇంటి ఆడవాళ్ళకి, ముసలివాళ్ళకి వచ్చేవన్నీ మనకి చిన్నవే. ఆఫీసుకి వెళ్ళే మనిషికి తుమ్ము వస్తే మాత్రం అది పెద్ద జబ్బు.

ఈ వారం మీ ఇంట్లో ఎవరెవరు చెవి గోక్కుంటున్నారో, ఎన్నిసార్లు గోక్కుంటున్నారో ఊరికే గమనించండి. వాళ్ళ దగ్గర కూర్చుని ఎన్నాళ్ళుగా ఉందో, ఏం వేస్తున్నారో అడగండి. అలమారలో ఉన్న పాత చుక్కల సీసా తీసి తేదీ చూడండి. అప్పటికీ నాది అతి అనిపిస్తే రండి, వాదించుకుందాం.